ధర తెలిసినవాడి ధర్మం

సరుకు అసలు విలువ కొనేవాడికి తెలిసి, అమ్మేవాడికి తెలియనప్పుడు, ఆ సంగతిని బేరం కుదరకముందే బయటపెట్టవలసిన బాధ్యత కొనేవాడికి ఉన్నదా అనే ప్రశ్న వర్తకమంత పాతది. దొంగ తూకం విషయంలో ఏ మతానికీ సందేహం లేదు. యూదుల ధర్మశాస్త్రం సరైన త్రాసునూ సరైన తూకపు రాళ్లనూ దైవాజ్ఞగా విధించింది. ఖురానులో ఒక అధ్యాయానికి పేరే కొలతలో తగ్గించి ఇచ్చేవారి మీదుగా వచ్చింది. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో తూనికలనూ కొలతలనూ చూసే అధికారిని ఏర్పాటుచేసి, తేడా చేసిన వర్తకుడికి జరిమానా నిర్ణయించాడు. అయితే దొంగ తూకం అబద్ధంతో సమానం, మౌనం అలాంటిది కాదు. అమ్మేవాడు అడగలేదు, కొనేవాడు చెప్పలేదు, ఇద్దరూ ఇష్టపడే బేరం కుదుర్చుకున్నారు. ఇందులో తప్పు ఉన్నదా, ఉంటే అది న్యాయం తప్పడమా లేక దయ చాలకపోవడమా అన్నదగ్గర మాత్రం పెద్దలు ఒక మాట మీదికి రాలేకపోయారు.

ఈ పాత చర్చకు ఇప్పుడు కొత్త పదును వచ్చింది. సెల్‌ఫోను, ఉపగ్రహ పటం, బ్లాక్‌చెయిన్ (అంటే ఒకే ఖాతా పుస్తకపు నకళ్లు అనేక కంప్యూటర్లలో ఏకకాలంలో నిలిచి ఉండి, ఒకసారి ఎక్కిన పద్దును ఏ ఒక్కరూ చెరిపివేయలేని ఏర్పాటు) వంటి సాధనాలు మారుమూల గ్రామాలను ప్రపంచ విపణితో నేరుగా కలుపుతాయనీ, ధర తెలియకపోవడమనే స్థితినే లేకుండా చేస్తాయనీ వాటిని ప్రవేశపెడుతున్నవారు చెబుతున్నారు. అదే నిజమైతే, తెలిసినవాడు చెప్పాలా వద్దా అనే ధర్మసందేహం దానంతటదే తీరిపోవాలి. అది తీరలేదనీ, చోటు మాత్రమే మారిందనీ, మారిన చోట పట్టుకోవడం మునుపటికంటే కష్టమైందనీ చూపడం ఈ వ్యాసం ఉద్దేశం. అందుకు తూర్పు కనుమల్లోని అరకు కాఫీ తగిన ఉదాహరణ. దాని దాకా రావడానికి ముందు పాత వాదాలను కొంత తీరికగా చూడవలసి ఉంది. నేటి సాధనాలు తీర్చామని చెప్పుకుంటున్న బాకీ ఎంతో, ఎవరికో ఆ వాదాలలోనే రాసి ఉంది.

జాతకాలంటే బుద్ధుని పూర్వజన్మలవిగా చెప్పే కథలు. పాలి సంపుటంలో మూడవదైన సేరివాణిజ జాతకం ఈ విషయంలో అన్నిటికంటే సూటిగా మాట్లాడుతుంది. సేరి రాజ్యానికి చెందిన ఇద్దరు చిల్లర వర్తకులు తేలవాహ నదిని దాటి అంధపురం అనే పట్టణానికి వస్తారు. ఈ అంధపురం ఆంధ్రులదేనని భావించిన చరిత్రకారులు ఉన్నారు కాబట్టి తెలుగు పాఠకుడికి ఈ కథ మీద కాస్త అదనపు హక్కు ఉన్నట్టే. వర్తకులిద్దరూ వీధులను పంచుకుంటారు. ఒకడు తిరిగి వెళ్లిపోయిన వీధిలోకి రెండవవాడు వెళ్లవచ్చునన్నది వారి ఒప్పందం. ఒకప్పుడు బాగా బతికి తర్వాత చితికిపోయిన ఒక ఇంట్లో అవ్వా మనవరాలూ మిగిలి ఉంటారు. మనవరాలు నగ కావాలని మారాం చేస్తే, మసిపట్టి మూల పడి ఉన్న పాత పళ్లేన్ని అవ్వ బేరానికి తెస్తుంది. మొదటి వర్తకుడు దాన్ని సూదితో గీసి బంగారమని గ్రహించి, అర కాసు కూడా చేయదని నేలమీద పడేసి పోతాడు; మళ్లీ వచ్చి ఉత్త పుణ్యానికి పట్టుకుపోదామని అతని ఎత్తు. ఆ తర్వాత వచ్చిన రెండవ వర్తకుడు, అంటే బోధిసత్త్వుడు (బుద్ధుడు కాబోయేవాడు), దాని విలువ లక్ష అనీ అంత సొమ్ము తన దగ్గర లేదనీ ఉన్నమాట చెబుతాడు. ఉన్నంత ఇచ్చి తీసుకుపొమ్మని అవ్వే అంటుంది. అతడు తన దగ్గరున్న ఐదువందల కహాపణాలనూ (ఆ కాలపు నాణేలు), మరో ఐదువందలు చేసే సరుకునూ ఆమెకిచ్చి, ఎనిమిది నాణేలు, త్రాసు, సంచీ మాత్రం ఉంచుకొని పడవెక్కుతాడు. తిరిగి వచ్చిన మొదటివాడు సంగతి తెలిసి గుండె పగిలి చనిపోతాడు.

కథ ఇచ్చే తీర్పు స్పష్టమే: ఒకడు లోభి, ఒకడు సజ్జనుడు. కానీ లెక్క చూస్తే ఆ సజ్జనుడు లక్ష విలువైన వస్తువుకు వెయ్యి ఇచ్చాడు, అంటే నూరింట ఒక వంతు. దీన్ని జాతకం తప్పుగా చూడదు. అలా చూడకపోవడానికి తగిన కారణమూ ఉంది. బౌద్ధ నీతిలో కర్మను తూచేది చేతన, అనగా చర్య వెనుక ఉన్న సంకల్పం. తనకు తెలిసినదాన్ని దాచలేదు, తనకున్నదాన్ని దాచుకోలేదు, అవ్వ తెలిసే ఒప్పుకున్నది; కాబట్టి అతని సంకల్పం నిర్మలం. అయినా అవ్వ వైపు నుంచి చూసినప్పుడు మరొక ప్రశ్న మిగిలే ఉంటుంది. ఆ పళ్లెం లక్ష చేస్తుందని తెలిసిన తర్వాత కూడా ఆమె వెయ్యికే ఎందుకిచ్చింది? లక్ష ఇవ్వగలవాడు ఆమె గడప తొక్కే అవకాశం లేదు. ఆమెకు తెలిసిన కొనుగోలుదారులు ఇద్దరే, వారిలో ఒకడు దొంగ. కొనేవాడి నిర్మలత్వం ఒక ప్రశ్న, అమ్మేవాడికి దక్కిన పాలు మరొక ప్రశ్న. మతగ్రంథాలు ఎక్కువగా మొదటిదానికే జవాబు చెప్పి ఊరుకున్నాయి. నిజానికి ఈ కథలో అవ్వకు మేలు చేసినవి రెండు: రెండవ వర్తకుడి సత్యవాక్కు ఒకటి, అతణ్ణి ఆ వీధిలోకి రానిచ్చిన ఒప్పందం రెండవది. వ్యాఖ్యాతలు సత్యవాక్కును కీర్తించి ఒప్పందాన్ని వదిలేశారు.

గ్రీకు, రోమను తత్త్వవేత్తలు ఇదే ప్రశ్నను తిరగేసి అడిగారు. క్రీస్తుపూర్వం 44లో సిసెరో కర్తవ్యాల మీద రాసిన గ్రంథంలో ఒక ఊహా సమస్య ఉంది. రోడ్స్ ద్వీపంలో కరువు వచ్చింది. అలెగ్జాండ్రియా నుంచి ధాన్యపు ఓడతో ఒక వర్తకుడు ముందుగా చేరుకున్నాడు. వెనుక మరిన్ని ఓడలు వస్తున్నాయని అతనికి తెలుసు, ద్వీపవాసులకు తెలియదు. ఆ మాట చెప్పి తక్కువకు అమ్మాలా, చెప్పకుండా ఎక్కువకు అమ్ముకోవాలా? బాబిలోనియాకు చెందిన డయొజినీస్ అనే స్టోయిక్ గురువు సరుకులోని లోపాన్ని చట్టం కోరినంతవరకు చెబితే చాలునన్నాడు. చెప్పకపోవడం వేరు, దాచడం వేరు అని అతని వాదం. అతని శిష్యుడైన ఆంటిపేటర్ మాత్రం మనుషులందరినీ కలిపే సహజబంధం ఒకటి ఉందనీ, ఎదుటివాడి మేలుకు సంబంధించిన వార్తను లాభంకోసం దాచడం ఆ బంధాన్ని తెంచడమేననీ అన్నాడు. సిసెరో శిష్యుడి పక్షమే వహించాడు. పదమూడు శతాబ్దాల తర్వాత క్రైస్తవ తత్త్వవేత్త థామస్ అక్వైనాస్ ఈ సమస్యనే తీసుకొని, ధర పడిపోబోతున్నదని చెప్పకుండా అమ్మిన వర్తకుడు న్యాయం తప్పినట్టు కాదనీ, చెబితే మాత్రం అది మరింత గొప్ప సుగుణమనీ మధ్యేమార్గంగా తేల్చాడు. ఆ తీర్పుతో చెప్పడమనేది బాకీ పద్దులోంచి దానం పద్దులోకి మారిపోయింది. తర్వాతి కాలపు వ్యాపార నీతిలో చాలా భాగం ఆ పద్దులోనే నిలిచిపోయింది. కంపెనీలు తమ సరఫరాదారులకు చేసే మేలును సామాజిక బాధ్యత అనే శీర్షిక కింద చూపుకోవడం వెనుక ఉన్నదీ ఈ ఆలోచనే.

దీనికి పూర్తిగా భిన్నమైన దారి ఇస్లామీయ ధర్మశాస్త్రంలో కనిపిస్తుంది. సరుకుతో పట్టణానికి వస్తున్న బిడారును ఊరి బయటే ఎదుర్కొని, అంగడి ధర వారికి తెలియకముందే కొనడాన్ని ప్రవక్త నిషేధించినట్టు హదీసు సంకలనాలు, అనగా ప్రవక్త మాటలనూ నడతనూ నమోదుచేసిన గ్రంథాలు, చెబుతున్నాయి. అరబీలో దీనిని తలక్కీ అంటారు, అంటే ఎదురువెళ్లి కలుసుకోవడం. ఎడారి దూరంలో ఉన్నవాడి అజ్ఞానాన్ని ముందుగా పట్టుకొని సొమ్ము చేసుకోవడాన్ని ఇది గుణహీనతగా వర్ణించి వదిలేయదు, నేరుగా నిషేధిస్తుంది. అంతకంటే ముఖ్యమైనది దాని వెనుక ఉన్న పరిహారం. అలా ఎవరైనా కొన్నా, అమ్మినవాడు అంగడికి చేరి అసలు ధర తెలుసుకున్న తర్వాత బేరాన్ని నిలుపుకోవడానికైనా రద్దు చేసుకోవడానికైనా హక్కు కలిగి ఉంటాడు. ఈ వెనక్కి తీసుకునే హక్కుకు ఖియార్ అని పేరు. ఎవరికి ఎంతవరకు వర్తిస్తుందన్నదానిమీద ధర్మశాస్త్ర సంప్రదాయాల మధ్య భేదాలున్నాయి; హనఫీలు దీనిని కొంత పరిమితంగానే చూశారు. మూలసూత్రం మాత్రం గమనించదగినది: ధర తెలియడమన్నది బేరానికి ముందు జరగకపోతే తర్వాతనైనా జరగాలి, జరిగినప్పుడు దానికి ఫలితం ఉండాలి. తెలిసి ఏమీ చేయలేనివాడికి తెలియజేయడం వల్ల ప్రయోజనం లేదని ఈ సూత్రం గుర్తించింది. అంధపురంలోని అవ్వ విషయంలో జాతకం పట్టించుకోనిది సరిగ్గా ఇదే.

ఇదే సంప్రదాయంలో, ఎడారివాసి తరఫున పట్టణవాసి సరుకు అమ్మిపెట్టకూడదనే మరొక ఆదేశమూ ఉంది. మొదటిదానితో ఇది పైకి పొసగదు. పల్లెవాడికి ధర తెలియనప్పుడు తెలిసినవాడు తోడురావడం మేలే కదా అనిపిస్తుంది. అయితే దళారి చేతిలో సరుకు పోగై ధర పెరిగి పట్టణంలోని సామాన్యుడు నష్టపోతాడన్నది ఆ ఆదేశం వెనుక ఉన్న శంక. వార్తను మోసుకొచ్చేవాడు క్రమంగా వార్తకు యజమాని అవుతాడన్న అనుమానం ఏడవ శతాబ్దానికే ఉండడం, నేటి వేదికల గురించి మాట్లాడేవారు తలచుకోదగిన సంగతి.

సాంకేతిక సాధనం ఈ చిక్కును ఎంతవరకు విప్పగలదో చూపే ఉదాహరణ కేరళ తీరంలో ఉంది. 1997 జనవరిలో ఒక ఉదయం బడగర తీరంలో పదకొండు మంది జాలరులు కవళ్ల వంటి చిన్న చేపలను కొనేవాడు లేక పారబోయబోతున్నారు. అదే సమయానికి పదిహేను కిలోమీటర్ల లోపలి తీరాల్లో ఇరవై ఏడు మంది కొనుగోలుదారులు చేపలు దొరక్క ఖాళీ చేతులతో వెళ్లబోతున్నారు. ఆర్థికశాస్త్రవేత్త రాబర్ట్ జెన్సెన్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో నమోదైన దృశ్యమిది. 1997కూ 2001కీ మధ్య ఆ తీరానికి సెల్‌ఫోను సంకేతాలు అందిన తర్వాత జాలరులు నడిసముద్రంలోనే ధరలు తెలుసుకొని పడవ ఎటు తిప్పాలో నిర్ణయించుకోసాగారు. వృథా దాదాపు ఆగిపోయింది, జాలరుల లాభం సగటున 8 శాతం పెరిగింది, కొనేవారికి ధర 4 శాతం తగ్గింది. అమ్మేవాడూ కొనేవాడూ ఇద్దరూ బాగుపడిన అరుదైన సందర్భమిది. పడవకు, వలకు అప్పు ఇచ్చిన కమీషన్ ఏజెంటుకే చేపలు అప్పగించవలసిన జాలరికి పక్క రేవులో ధర తెలిసినా ఒరిగేదేమీ లేదని తర్వాతి పరిశీలకులు గుర్తుచేశారు. ఫోను ఆ జాలరికి ధర చెప్పగలిగింది, పడవ తిప్పుకునే స్వేచ్ఛ ఇవ్వలేకపోయింది. పడవ తిప్పగలిగినవాడి విషయంలో మాత్రం ఫోను, ఖియార్ ఇచ్చిన హక్కు చేసే పనినే మరో విధంగా చేసింది.

ఈ నేపథ్యంలో అరకును చూడాలి. తూర్పు కనుమల్లో కాఫీ మొదట 1898లో పాములేరు లోయలో నాటారు. 1960ల నుంచి అటవీశాఖ, ఆ తర్వాత సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ, పోడుకు (అంటే అడవిని నరికి, కాల్చి, కొన్నేళ్లు పండించి వదిలేసే సాగుకు) ప్రత్యామ్నాయంగా దానిని గిరిజన కుటుంబాల చేతికి అందించాయి. నేడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో బగతలు, వాల్మీకులు, కొండదొరలు, కోందులు మొదలైన తెగల రైతులు ఒకటి రెండెకరాల చొప్పున, సిల్వర్ ఓక్ చెట్ల నీడన, వాటి మీదికి మిరియపు తీగలు పాకించి కాఫీ పండిస్తున్నారు. కొండ ఊళ్ల నుంచి వారపు సంతకు దిగివచ్చే సరుకును మధ్యదారిలోనే, లేదా పంట కోతకు రాకముందే అప్పు ఇచ్చి షావుకారు చవకగా దక్కించుకోవడం మన్యంలో పాత కథ. పేరుకు ఎడారి లేదు గానీ తలక్కీ యథాతథంగా ఉండేది. దానికి విరుగుడుగా 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. పరస్పర సహాయ సహకార సంఘాల పద్ధతిలో రైతులను కూడగట్టిన నాంది ఫౌండేషన్ కృషితో 2017లో అరకు పేరున పారిస్‌లో కాఫీ దుకాణం తెరుచుకుంది. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు, అనగా ఫలానా ప్రాంతంలో పండినదానికే ఆ పేరు చెల్లుతుందనే చట్టబద్ధ రక్షణ, లభించింది. ఇవన్నీ నిజమైన లాభాలే, వాటిని తక్కువ చేయనక్కరలేదు.

ధర తెలియడమంటే ఏమిటో ఇక్కడ కొంచెం ఆగి చూడాలి. అరబికా కాఫీ ప్రపంచ ధర న్యూయార్కు వాయిదా విపణిలో పౌండుకు ఇన్ని డాలర్లని నిర్ణయమవుతుంది. 2025 ఫిబ్రవరిలో అది పౌండుకు 4 డాలర్లు దాటింది. ఆ సంఖ్య ఎవరి ఫోనులోనైనా కనిపిస్తుంది. కానీ ఆ ధర పలికేది తొక్కలన్నీ తీసి ఎగుమతికి సిద్ధమైన పచ్చి గింజకు; కొండ మీది రైతు చేతిలో ఉన్నది చెట్టు నుంచి కోసిన ఎర్రటి పండు. సుమారు ఆరు కిలోల పండ్లకు ఒక కిలో గింజ వస్తుంది. రైతు పండే అమ్మవచ్చు, గుజ్జు తీసి కడిగి ఎండబెట్టిన పార్చ్‌మెంటు అమ్మవచ్చు, పండును అలాగే ఎండబెట్టి చెర్రీగా అమ్మవచ్చు. మూడింటికీ మూడు ధరలు. దాని మీద నాణ్యత తేడా, డాలరు మారకం, రవాణా, ఎగుమతిదారు మిత్తి, వచ్చే నెల ధర మీద పందెం వంటివి చేరతాయి. ఇన్ని మెట్లు దిగి వచ్చాక ఆ 4 డాలర్లు కిలో పండుకు ఎన్ని రూపాయలవుతాయో లెక్కగట్టగలవాడు ఆ సంతలో ఒక్కడే ఉంటాడు, అతడు కొనడానికి వచ్చినవాడు. సంఖ్యను తెరమీద చూపి ధర తెలియజేశామనడం, ఆంటిపేటర్ కోరిన బాధ్యతను నెరవేర్చినట్టు కనిపించేలా డయొజినీస్ మాటను నిలబెట్టుకోవడమే. చెప్పకపోవడం దాచడం కాదన్న పాత వాదానికి, చెప్పినా అందనివ్వకపోవడం దాచడం కాదన్న కొత్త రూపం వచ్చింది.

అంతకంటే లోతైన మార్పు చూపు దిశలో జరుగుతోంది. అడవి నరికిన నేలలో పండిన సరుకును తమ విపణిలోకి రానివ్వకూడదని ఐరోపా సమాఖ్య 2023లో ఒక నిబంధన చేసింది. పశువులు, కోకో, కాఫీ, పామాయిల్, రబ్బరు, సోయా, కలప దాని పరిధిలోకి వస్తాయి; 2020 డిసెంబరు 31 తర్వాత అడవి పోయిన నేల మీద పండినది కాదని రుజువు చూపాలి; అందుకు పండిన ప్రతి కమతానికీ అక్షాంశ రేఖాంశాలను దశాంశ బిందువు తర్వాత ఆరు అంకెల దాకా ఇవ్వాలి. నాలుగు హెక్టార్లలోపు కమతానికి ఒక బిందువు చాలు, అంతకు మించితే చుట్టూ సరిహద్దు గీయాలి. డిగ్రీలో ఆరవ దశాంశం నేల మీద పదకొండు సెంటీమీటర్ల పాటి దూరం. అంటే కొండ మీది రైతు తోటను జానెడు కంటే సన్నని కచ్చితత్వంతో ఐరోపాలోని దిగుమతిదారు చూడగలడు. ఆ రైతు తన గింజ ఏ ఊరి దుకాణంలో ఎంతకు అమ్ముడైందో చూడగలిగే ఏర్పాటు ఈ నిబంధనలో లేదు. పెట్టె మీది క్యూఆర్ గడిని ఫోనుతో చూస్తే రైతు పేరు, ముఖం, ఊరు కాఫీ తాగేవాడి ముందుకు వస్తాయి. తాగేవాడి ముందున్న బిల్లు రైతు ముందుకు రాదు. మునుపు దూరాన ఉన్నవాడు చూడలేనివాడుగా ఉండేవాడు, అతడూ ఎవరికీ కనిపించేవాడు కాదు. ఇప్పుడు అతడు కనిపిస్తాడు గానీ చూడలేడు. అడవిని కాపాడాలన్న ఉద్దేశం మంచిదే. కానీ పోడు, అటవీ హక్కుల పట్టాలు, 1970 నాటి భూ బదలాయింపు నిబంధనల మధ్య నలిగిన నేల విషయంలో, తన తోట చిరునామా ఎవరెవరి చేతుల్లో ఉన్నదో తెలియని రైతు భయం కూడా అకారణమైనది కాదు.

తెలుగు నేల మీద ఇందుకు ఎదురుగా నిలబెట్టదగిన సాక్ష్యం ఒకటి ఉంది. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం, ఓడ మునిగి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును రాజులు స్వాధీనం చేసుకునే పాత ఆచారాన్ని మాని, నిర్ణీత సుంకం మినహా ఏమీ తీసుకోబోమని సముద్ర వర్తకులకు మాట ఇచ్చింది. ఆ సుంకాన్ని ముప్పైలో ఒక వంతుగా రాతిమీద చెక్కించింది. ఈ పని దయతో, ధర్మంకోసం చేస్తున్నట్టు శాసనమే చెప్పుకుంటుంది. అందులో రేవు ఆదాయం పెంచుకునే తెలివి కూడా ఉండి ఉంటుందనుకోవడం రాజుకు అపచారం కాదు. ముఖ్యమైన సంగతి ఏమిటంటే, అక్కడ బహిరంగంగా రాతికెక్కినది బలవంతుడి బాధ్యత. వచ్చేవాడు రాజు నుంచి ఏమి ఆశించవచ్చో రేవులోనే చదువుకోగలడు. నేటి డిజిటల్ శాసనంలో మొదట ఎక్కుతున్నది బలహీనుడి చిరునామా.

ఖాతా ఎవరు రాయాలి అన్నదాని మీద ఖురానులో, దాని వాక్యాలన్నిటిలోకీ పొడవైనదైన రెండవ అధ్యాయపు 282వ వాక్యం, ఒక సూక్ష్మమైన విధిని చెప్పింది. గడువు పెట్టి అప్పు చేసినప్పుడు లేఖకుడు న్యాయంగా రాయాలి, సాక్షులుండాలి. రాయవలసిన మాటలను మాత్రం అప్పు తీర్చవలసినవాడే చెప్పాలి, అతడు చెప్పలేని స్థితిలో ఉంటే అతని మేలుకోరే సంరక్షకుడు చెప్పాలి. పత్రం ఎవరి మెడకు చుట్టుకుంటుందో వారి నోటి వెంటే అది రావాలన్నది ఇందులోని భావం. బ్లాక్‌చెయిన్ గురించి చెప్పే గొప్పలలో ప్రధానమైనది దాని పద్దు చెరగదన్నది. చెరగకపోవడం గొప్పే, కానీ అది పద్దు ఎక్కిన తర్వాతి సంగతి. ఎక్కేటప్పుడు ఎవరు చెప్పారు, చెప్పినదాన్ని ఎవరు విన్నారు అన్నది ఆ యంత్రానికి పట్టదు. తూకం తక్కువగా నమోదైతే ఆ తక్కువ తూకమే శాశ్వతంగా చెరగని సత్యమవుతుంది. 2019 మార్చిలో కాఫీ బోర్డు ఇలాంటి ఖాతా ఆధారంగా కాఫీ విపణిని ప్రయోగాత్మకంగా ప్రారంభించినప్పుడు, రైతుకూ కొనేవాడికీ మధ్య మెట్లు తగ్గించి రైతుకు మంచి ధర ఇప్పించడమే లక్ష్యమని చెప్పింది. లక్ష్యం సరైనదే. అది నెరవేరేది రైతు తన భాషలో, అది కువి అయినా ఒడియా అయినా తెలుగైనా, తన పద్దును తానే చెప్పి, నమోదైనదాన్ని వినిపించుకోగలిగినప్పుడు.

ఖియార్ విషయంలో చిక్కు మరింత గట్టిది. స్మార్ట్ కాంట్రాక్టు అంటే, షరతు నెరవేరగానే మనిషి ప్రమేయం లేకుండా తనంతట తానే అమలయ్యేలా కంప్యూటరులో రాసిన ఒప్పందం. సరుకు గోదాములో దిగగానే సొమ్ము రైతు ఖాతాలో పడుతుంది. నెలల తరబడి బాకీ కోసం తిరిగే బాధ తప్పుతుంది. ఈ మేలును కాదనేవారు సంత దగ్గర బాకీకోసం నిలబడి ఎరుగనివారే. అయితే తిరుగులేకపోవడమే దాని శక్తి, దాని లోపమూ అదే. అంగడికి చేరి అసలు ధర విన్న బిడారువాడు బేరం రద్దు చేసుకోవచ్చునన్న ఏడవ శతాబ్దపు హక్కుకు ఆ ఒప్పందంలో సాధారణంగా చోటుండదు. పెట్టాలనుకుంటే పెట్టవచ్చు; ఇన్ని రోజుల్లోగా అమ్మినవాడు వెనక్కి తీసుకోవచ్చునని ఒక షరతు రాయడం ప్రోగ్రామరుకు కష్టం కాదు. ఆ షరతు వల్ల కొనేవాడికి అనిశ్చితి పెరుగుతుంది కాబట్టి అది కనిపించదు. అంటే ధర్మం అమలుకావడానికి అడ్డుగా ఉన్నది సాంకేతిక పరిమితి కాదు, కొనేవాడి సౌకర్యం.

తెలిసినవాడు చెప్పాలన్న ఈ వాదానికి ఒక బలమైన ఆక్షేపణ ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. ధర వార్తను సంపాదించడానికి వర్తకుడు ఖర్చు పెడతాడు, ప్రయాణం చేస్తాడు, నష్టాన్ని భరిస్తాడు. తెలిసినదంతా ఊరికే చెప్పాలంటే తెలుసుకోవడానికి ఎవరు పూనుకుంటారు? అక్వైనాస్ తీర్పు వెనుకా, నేటి ఆర్థికశాస్త్రం వెనుకా ఉన్న ఆలోచన ఇలాంటిదే, ఇందులో నిజముంది. కౌటిల్యుడు కూడా వర్తకుడి లాభాన్ని పూర్తిగా కాదనక, దేశీయ సరుకు మీద నూటికి ఐదు, పరదేశపు సరుకు మీద పది అని హద్దు మాత్రం పెట్టాడు. కష్టపడి తెలుసుకున్నదానికి ప్రతిఫలం ఉండవలసిందే. కానీ రైతు తోట ఎక్కడుందో, అడవి ఎప్పుడు నరికారో, ఎన్ని కిలోలు పండాయో అన్నవి వర్తకుడు కష్టపడి సంపాదించిన వార్తలు కావు. అవి రైతు నుంచి తీసుకున్నవి. ఐరోపా విపణి తలుపు తెరిచేది ఆ వార్తలే కాబట్టి వాటికి విలువ ఉంది. గింజకు ధర కట్టి, ఆ గింజను అమ్ముడుపోయేలా చేసే వార్తను మాత్రం ఉచితంగా తీసుకోవడం, పళ్లెం విలువ చెప్పకుండా కొనడానికి మరొక పేరు. జాతకంలోని మొదటి వర్తకుడైనా పళ్లెం చేతికి తీసుకొని బేరమాడాడు, ఇక్కడ బేరమే లేదు.

కాబట్టి చెప్పడమన్నది దయకు సంబంధించినదన్న అక్వైనాస్ మాట నేటి పరిస్థితికి చాలదనీ, అది బాకీయేననీ, ఆ బాకీ కూడా సంఖ్యను తెరమీద చూపడంతో తీరదనీ అంగీకరించక తప్పదు. ఐరోపా నిబంధన అమలు తేదీ ఒకటికి రెండుసార్లు వాయిదా పడింది. ఆ గడువులో చేయగల పని చాలా ఉంది. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల గ్రామసభలకు తమ వనరుల మీద మాట చెల్లే అధికారమిచ్చింది. తోటల అక్షాంశ రేఖాంశాలు ఊరు దాటకముందు ఆ సభల్లో వాటిని చదివి వినిపించాలి. ఆ వివరాలు ఎగుమతిదారు పేర కాక రైతుల సహకార సంఘం పేర నిలవాలి, రైతు మరొక కొనుగోలుదారుని దగ్గరికి వెళ్లదలచుకుంటే అవి అతనితో పాటు వెళ్లాలి. డిజిటల్ ఒప్పందంలో వెనక్కి తీసుకునే గడువు రాసి ఉండాలి. కిలో పండుకు ఇచ్చిన ధర పక్కనే ఆ కాఫీ చివరికి అమ్ముడైన ధర రైతుకు కనిపించాలి. వీటిలో ఏ ఒక్కదానికీ కొత్త యంత్రం అక్కరలేదు. కాఫీ బోర్డు, గిరిజన సహకార సంస్థ, మన్యంలో పనిచేస్తున్న స్వచ్ఛంద సంస్థలు, అరకు పేరు చెప్పి కాఫీ అమ్ముకుంటున్న ప్రతి కంపెనీ వచ్చే కోతకాలం లోపు ఈ పనికి పూనుకోవాలి.